ఒక్క పొడుగు ట్రైలరా, రెండు పొట్టివా?

డాలస్ నుంచి ఆర్కన్సా వైపు 30వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద రాత్రి పదకొండు దాటాక కారులో వెళ్తే ఎదురొచ్చే పెద్ద లారీలు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి అందరికీ తెలిసినదే. ముందు ఇంజను, వెనక ఒకే పొడుగాటి పెట్టె. దాని పొడవు 53 అడుగులు, అంటే 16 మీటర్ల పైచిలుకు. రెండోది చిన్న రైలులా ఉంటుంది. ఇంజను, దాని వెనక 28 అడుగుల పొట్టి పెట్టె, రెండు మూరల ఖాళీ, ఆ వెనక ఇంకో 28 అడుగుల పెట్టె. ఈ పొట్టి ట్రైలర్లను అక్కడి లారీ వాళ్ళు 'పప్' అంటారు, కుక్కపిల్ల అన్నమాట. జంటను 'డబుల్స్' అంటారు.

పొడుగు ట్రైలరు లాగే ఇంజనుకు సాధారణంగా వెనక పడక గది ఉంటుంది, జంటను లాగేదానికి ఉండదు. అందుకని ముందు బంపరు నుంచి వెనక తలుపు దాకా కొలిస్తే రెండూ దాదాపు ఒకే పొడవు, 70 అడుగులకు కాస్త అటూ ఇటూ. చట్టం ఒప్పుకునే బరువూ రెంటికీ ఒకటే. మరి ఒక పెట్టెలో పోయే సరుకును రెండు పెట్టెలు చేసి, మధ్యలో ఇంకో ఇరుసు బండి తగిలించి, రాత్రిపూట వానలో కొక్కేలు వేసుకుంటూ తిప్పలు పడటం దేనికి?

ఇదే ప్రశ్నకు నేను ఒకసారి తప్పు జవాబు చెప్పాను, అదీ ప్రోగ్రాములో రాసి మరీ. డాలస్‌లో పార్ట్ లోడ్ సరుకు (పలువురి చిన్న చిన్న సరుకులు ఒకే బండిలో కలిపి) మోసే ఒక కంపెనీకి రాత్రి లోడింగ్ ప్లాన్ చేసే సాఫ్ట్‌వేర్ రాసే పని నాది. ఏ ఊరికి ఎన్ని ప్యాలెట్లు (సరుకు పేర్చిన చెక్క పీటలు) ఉన్నాయో ఇస్తే ఏ బండిలో ఎక్కించాలో అది చెప్పాలి. నా ప్రోగ్రాము ప్రతి రాత్రీ 53 అడుగుల ట్రైలరునే ఎంచుకుంటూ పోయింది. మూడో రాత్రి డాక్ మీద, అంటే బండ్లకు సరుకు ఎక్కించి దించే అరుగు మీద, పనిచేసే పెద్దాయన నన్ను గోడౌన్‌కి పిలిపించాడు. ఏమీ తిట్టలేదు. టేపు తీసి ఒక కొస నా చేతికిచ్చి ఖాళీ పప్‌లో ముందు గోడ దగ్గర నిలబడమన్నాడు.

లెక్క ఇలా ఉంటుంది. అమెరికాలో మామూలు చెక్క ప్యాలెట్ 48 అంగుళాల పొడవు, 40 అంగుళాల వెడల్పు. 53 అడుగుల ట్రైలరు లోపలి నిడివి సుమారు 630 అంగుళాలు. ప్యాలెట్లను నిలువుగా, పక్కపక్కన రెండు చొప్పున పేర్చుకుంటూ పోతే 13 వరుసలు పడతాయి, మొత్తం 26. పప్ లోపలి నిడివి సుమారు 330 అంగుళాలు. అదే పద్ధతిలో 6 వరుసలు పడతాయి, అంటే 12 ప్యాలెట్లు. రెండు పప్‌లకు కలిపి 24. అంటే బయట కొలిస్తే జంట 56 అడుగులు, ఒంటిది 53 అయినా లోపల జంటలోనే రెండు ప్యాలెట్లు తక్కువ పడుతున్నాయి. పొడవును రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క చివర కొంత వృథా మిగులుతుంది మరి. నా ప్రోగ్రాము ఈ లెక్క దగ్గరే ఆగిపోయింది.

పెద్దాయన టేపుతో చూపించింది ఆ చివరి వృథానే. 6 వరుసలు పోగా 42 అంగుళాలు మిగులుతాయి. ఆ చివరి వరుసలో రెండు ప్యాలెట్లను అడ్డం తిప్పితే ఒక్కోటి 40 అంగుళాల నిడివే తీసుకుంటుంది. పక్కపక్కన 96 అంగుళాల వెడల్పు కావాలి, ట్రైలరు లోపల అంత వెడల్పు ఉంటుంది. అప్పుడు పప్‌కి 14, జంటకి 28. పొడుగుదానిలో ఈ కిటుకు పారదు, 13 వరుసల తర్వాత మిగిలేది ఆరంగుళాలే. అన్నిటినీ అడ్డంగానే పేరిస్తే పొడుగుదానిలో 30, జంటలో 32. ఎలా చూసినా తేడా రెండు ప్యాలెట్లు. "చూశావుగా, ఈ రెండింటి కోసం ఎవడూ డబుల్స్ నడపడు" అన్నాడాయన. చోటు లెక్క తేల్చాక, అసలు చోటు సమస్యే కాదని చెప్పడానికే నన్ను పిలిచాడట.

బరువు సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికా ఇంటర్‌స్టేట్‌ల మీద మామూలు లారీ బండి, సరుకు కలిపి 80,000 పౌండ్లు దాటకూడదు, అంటే సుమారు 36.3 టన్నులు. ఒంటి ఇరుసు మీద 20,000, దగ్గరదగ్గరగా రెండు కలిసి ఉండే జంట ఇరుసు మీద 34,000 పౌండ్లు హద్దు. పొడుగు ట్రైలరు బండికి ముందు ఇరుసు మీద సుమారు 12,000, ఇంజను వెనక జంట ఇరుసు మీద 34,000, ట్రైలరు జంట ఇరుసు మీద 34,000. కూడితే సరిగ్గా 80,000. ఎక్కడా రవ్వంత సందు లేదు. సరుకు కాస్త ముందుకో వెనక్కో పడిందంటే మొత్తం బరువు హద్దులోనే ఉన్నా ఒక ఇరుసు హద్దు దాటుతుంది. అందుకే కాటా దగ్గర డ్రైవర్లు ట్రైలరు కింద ఇరుసులను ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఉంటారు. జంటకీ ఐదు ఇరుసులే, కానీ అన్నీ విడివిడిగా ఉంటాయి. ముందుది 12,000 అనుకుంటే మిగతా నాలుగూ 20,000 చొప్పున 92,000 దాకా మోయగలవు. కాబట్టి ఇరుసు హద్దు కన్నా మొత్తం హద్దే ముందు అడ్డొస్తుంది, లోపల సర్దేవాడికి కాస్త వెసులుబాటు. అయితే ఇది సిమెంటు బస్తాలో నీళ్ళ సీసాలో నింపేవాళ్ళ గొడవ. నానా రకాల పెట్టెలు కలిపి మోసే పార్ట్ లోడ్ వాళ్ళకు బరువు హద్దు చేరేలోపే చోటు నిండిపోతుంది.

ఇక అసలు విషయం. సరుకు రవాణాలో రెండు వ్యాపారాలున్నాయి, బయట నుంచి చూస్తే ఒకటే అనిపిస్తాయి. ఒకటి ఫుల్ లోడ్. ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి నిండుతుంది, ఒక గోడౌన్ గేటు దగ్గర ఖాళీ అవుతుంది. దారిలో తలుపు తెరిచే పనే లేదు. రెండోది పార్ట్ లోడ్, అమెరికాలో ఎల్‌టీఎల్ అంటారు. ఒకరివి రెండు ప్యాలెట్లు, ఇంకొకరివి ఐదు పెట్టెలు, మరొకరిది ఒక మోటారు. మన పార్సిల్ ఆఫీసు లాంటిదే. విజయవాడలో బుక్ చేసిన బట్టల మూట హైదరాబాద్‌లో ఒకసారి దిగి, మళ్ళీ ఎక్కి, నిజామాబాద్‌లో మళ్ళీ దిగినట్టే, అక్కడా సరుకు టెర్మినల్ నుంచి టెర్మినల్‌కు దిగుతూ ఎక్కుతూ పోతుంది.

దిగి ఎక్కిన ప్రతిసారీ ఖర్చే. ఫోర్క్‌లిఫ్ట్ మనిషి జీతం, డాక్ తలుపు, గంటో రెండు గంటలో ఆలస్యం. పైగా ఫోర్క్ కొన పెట్టెలోకి దిగబడటం, ప్యాలెట్ ఒరగడం, ఒక ఊరి సరుకు ఇంకో ఊరి బండి ఎక్కడం. పార్ట్ లోడ్‌లో సరుకు పాడయ్యేది రోడ్డు మీద కన్నా డాకుల మీదే ఎక్కువని ఆ పని చేసే ఎవరినడిగినా చెబుతారు.

డాలస్‌లో ఒక సాయంత్రం తీసుకుందాం. ఊళ్ళో తిరిగిన బండ్లు ఏడింటికి టెర్మినల్‌కు చేరతాయి. తలుపు తలుపుకీ ఒక ఊరి పేరు. లిటిల్ రాక్‌కు పదమూడు ప్యాలెట్లు తేలాయి, మెంఫిస్‌కు పన్నెండు. లిటిల్ రాక్ 320 మైళ్ళు, అదే దారిలో ఇంకో 137 మైళ్ళు పోతే మెంఫిస్.

పొడుగు ట్రైలరు ఒక్కటే ఉంటే మూడు దారులు. మెంఫిస్ సరుకు లోపలికీ లిటిల్ రాక్ సరుకు తలుపు వైపుకీ ఎక్కించి, లిటిల్ రాక్‌లో సగం దింపి మిగతా సగంతో పోవచ్చు. ఆ సగం దింపేంత సేపూ బండి డాకుకు అంటుకుని ఉంటుంది, డ్రైవరు గంటలు కరిగిపోతుంటాయి. అక్కడి చట్టం ప్రకారం పది గంటల విశ్రాంతి తర్వాత పదకొండు గంటలే నడపాలి. రెండో దారి, ఒక్కో ఊరికి సగం ఖాళీగా ఒక్కో బండి పంపడం. మూడోది, రేపటి సరుకు కూడా వచ్చి నిండేదాకా ఆపడం. అంటే ఒక రోజు ఆలస్యం, ఖాతాదారుడి ఫోను.

పప్‌లుంటే లిటిల్ రాక్‌కు ఒకటి, మెంఫిస్‌కు ఒకటి అదే సాయంత్రం దాదాపు నిండుతాయి. చిన్న డబ్బా తొందరగా నిండుతుంది, అంతకు మించి మాయేం లేదు. రెంటినీ ఒకే ఇంజనుకు తగిలిస్తారు. లిటిల్ రాక్ యార్డులో వెనకదాన్ని విప్పి వదిలేస్తారు. దానికి బదులుగా అక్కడి నుంచి మెంఫిస్ పోయే ఇంకో పప్ తగిలించుకుని బండి ముందుకు పోతుంది. ఎక్కడా ఒక్క ప్యాలెట్ కూడా దించలేదు. తెల్లారాక లిటిల్ రాక్ పప్‌ను చిన్న ఇంజనుకు తగిలించి అలాగే ఊళ్ళో పంపిణీకి పంపొచ్చు. 53 అడుగుల బండి తిరగలేని సందులో, వెనక్కి తీసేందుకు చోటు లేని కొట్టు వెనకాల 28 అడుగులది దూరిపోతుంది.

డాక్ పెద్దాయన నాకు చెప్పిందీ ఇదే. సరుకును ఎన్నిసార్లు తాకాం అన్నది లెక్కపెట్టమన్నాడు, ఎంత పట్టింది అన్నది కాదు. డబుల్స్ మోసేది ఆ రెండు ప్యాలెట్ల లాభాన్ని కాదు, దారి మధ్యలో విడిపోగల వీలుని.

అలాగని జంటకు ఖర్చు లేదా అంటే ఉంది. రెండు పెట్టెలు, రెండు తలుపులు, రెండు సెట్ల లైట్లు, మధ్యలో డాలీ. డాలీ అంటే ఒక ఇరుసు, దాని మీద ట్రైలరు ముక్కును మోసే పళ్ళెం, ముందు పొడుగాటి కొయ్య లాంటి ఇనుప దూలం. టన్నుకు పైగా బరువు, దాని మీద రూపాయి సరుకు కూడా ఎక్కదు. పైగా డాలీలు ఎప్పుడూ తప్పు ఊళ్ళోనే పోగవుతాయి. డాలస్ నుంచి జంటలు ఎక్కువ వెళ్ళి ఒంటివి ఎక్కువ తిరిగొస్తే, నెల తిరిగేసరికి మెంఫిస్ యార్డులో డాలీల గుట్ట, డాలస్‌లో కరువు. ఇంకో చిక్కు బేసి లెక్క. సాయంత్రానికి ఏడు పప్‌లు నిండాయనుకోండి, మూడు జంటలు పోగా ఒకటి ఒంటరిగా మిగులుతుంది. దాన్ని ఒక్కదాన్నే లాక్కెళ్తే డ్రైవరు జీతం మొత్తం, డీజిలు దాదాపు మొత్తం, సరుకు మాత్రం సగం.

అందుకే ఎల్‌టీఎల్ కంపెనీలు కూడా పొడుగు ట్రైలర్లను వదిలేయలేదు. రెండు పెద్ద ఊళ్ళ మధ్య రోజూ బండి నిండా సరుకుంటే విడదీసే అవసరమే లేదు, 53 అడుగులదే మేలు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు మీద పంపే కంటైనర్లూ ఎక్కువగా 53 అడుగులవే. ఇక ఫుల్ లోడ్ వాళ్ళు పప్ ముఖం కూడా చూడరు. వాళ్ళకు రెండు పప్‌లంటే ఒకే సరుకుకు రెండు సార్లు డాకుకు ఆనించే పని, అంతే.

ఈ 28, 53 అనే అంకెలు ఎక్కడివి? ఇవి ఇంజనీర్లు కూర్చుని తేల్చినవి కావు, రాష్ట్రాలు పోట్లాడుకుంటే మిగిలినవి. పడమటి రాష్ట్రాల్లో జంట ట్రైలర్లు ఎప్పట్నించో తిరిగేవి. తూర్పున చాలా రాష్ట్రాలు వద్దనేవి. మధ్యలో ఐయోవా. దేశాన్ని అడ్డంగా దాటే 80వ ఇంటర్‌స్టేట్ ఆ రాష్ట్రం గుండానే పోతుంది. ఐయోవా చట్టం 55 అడుగుల ఒంటి బండిని, 60 అడుగుల జంటను ఒప్పుకుంది, 65 అడుగుల జంటను మాత్రం కాదంది. కన్సాలిడేటెడ్ ఫ్రైట్‌వేస్ అనే కంపెనీ వాడే జంటలు ఆ 65 అడుగులవే. అందుకని వాళ్ళు ఐయోవా సరిహద్దులో జంటను విప్పి ఒక్కో పప్‌నూ విడిగా రాష్ట్రం దాటించాలి, లేదా రాష్ట్రం చుట్టూ తిరిగి పోవాలి. భద్రత కోసమే ఈ నిషేధం అంది ఐయోవా. కానీ అదే చట్టంలో సరిహద్దు ఊళ్ళకు పక్క రాష్ట్రం కొలతలు పాటించే వీలుంది, పశువుల లారీలకు 60 అడుగుల దాకా సడలింపు ఉంది. 1974లో శాసనసభ 65 అడుగులవి ఒప్పుకుంటూ బిల్లు పాస్ చేస్తే గవర్నరు వీటో చేశాడు, లాభం ఎక్కువగా బయటి రాష్ట్రాల కంపెనీలకే అన్న కారణం చెప్పి. 1981లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఐయోవా చట్టాన్ని కొట్టేసింది. 65 అడుగుల జంట 55 అడుగుల ఒంటి బండి కన్నా ప్రమాదమని రాష్ట్రం నిరూపించలేకపోయింది. ఆ నిషేధం చేసిన పనల్లా ప్రమాదాలను పక్క రాష్ట్రాల రోడ్ల మీదకు నెట్టడమేనన్న మాట ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది.

మరుసటి ఏడాది, 1982లో, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఉపరితల రవాణా చట్టం చేసి గొడవ తేల్చేసింది. జాతీయ మార్గాల మీద ప్రతి రాష్ట్రమూ 28 అడుగుల ట్రైలర్ల జంటను, 48 అడుగుల ఒంటి ట్రైలరును ఒప్పుకోవాల్సిందే. మొత్తం బండి పొడవు మీద హద్దు పెట్టే అధికారం ఆ మార్గాల మీద రాష్ట్రాలకు పోయింది. అప్పటికే తిరుగుతున్న 28 అడుగుల ఆరంగుళాల పప్‌లకు పాత బండ్లన్న మినహాయింపు కూడా ఇచ్చారు. 53 అడుగులన్నది తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటీ ఒప్పుకుంటూ పోతే స్థిరపడిన కొలత. ఇప్పటికీ అన్ని చోట్లా ఒకే షరతు లేదు. కాలిఫోర్నియాలో ట్రైలరు ముందు కింగ్‌పిన్ (ట్రైలరును ఇంజనుకు తగిలించే ఇనుప మేకు) నుంచి వెనక ఇరుసు దాకా 40 అడుగులు దాటకూడదు. అందుకే ఆ రాష్ట్రంలోకి వెళ్ళే ముందు డ్రైవర్లు వెనక చక్రాలను ముందుకు జరుపుకుంటారు.

ఎందుకు 40 అన్నది మలుపు దగ్గర నిలబడితే తెలుస్తుంది. పొడుగు ట్రైలరు మూల తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, కాలిబాట ఎక్కేస్తాయి. జంట అయితే మధ్యలో మడత పడుతుంది కాబట్టి వెనక పెట్టె దాదాపు ముందుదాని జాడలోనే తిరుగుతుంది. మొత్తం పొడవు అంతే ఉన్నా ఇరుకు కూడళ్ళలో జంటకే తేలిక.

వేగంలో కథ తిరగబడుతుంది. మన జహీరాబాద్ దాటి బీదర్ వైపు వెళ్తే చెరకు సీజనులో ఒకే ట్రాక్టరుకు రెండు ట్రాలీలు కట్టి లాగుతుంటారు. ట్రాక్టరు గుంత తప్పించడానికి కొంచెం పక్కకు తిరిగితే మొదటి ట్రాలీ కొంచెం ఊగుతుంది, రెండోది బాగా ఊగుతుంది. కొరడా పిడిని కాస్త కదిపితే కొన విసురుగా కొట్టినట్టు. హైవే మీద డబుల్స్‌దీ అదే ధర్మం. హఠాత్తుగా లేన్ మారితే ఇంజను మీద పడే పక్క తోపుకు సుమారు రెట్టింపు తోపు వెనక పప్ మీద పడుతుందని అక్కడి పరిశోధనలు కొలిచి చెప్పాయి. ఒంటి పొడుగు ట్రైలరులో ఈ పెంపు దాదాపు ఉండదు. వెనక పప్ పక్కకు ఒరిగేదాకా డ్రైవరు సీటుకు ఆ కబురే అందకపోవచ్చు, రెండు పెట్టెల మధ్యే రెండు కీళ్ళున్నాయి కదా. అందుకే బరువైన పప్‌ను ముందు, తేలికదాన్ని వెనక పెట్టాలన్నది అక్కడ మొదటి పాఠం. వయోమింగ్‌లో గాలి ఈడ్చి కొట్టే రోజుల్లో ఖాళీ ట్రైలర్లను 80వ ఇంటర్‌స్టేట్ మీదకు రానివ్వరు.

ఈ పాఠం ప్లాన్ చేసేవాడి మెడకు చుట్టుకుంటుంది. పైన చెప్పిన ఉదాహరణలో లిటిల్ రాక్‌లో వదలాల్సిన పప్ వెనకుంటేనే పని సులువు. కానీ లిటిల్ రాక్ సరుకే బరువైనదైతే? దాన్ని ముందు పెట్టాలి. అప్పుడు లిటిల్ రాక్‌లో రెంటినీ విప్పి, ముందుదాన్ని పక్కన పెట్టి, వెనకదాన్ని మళ్ళీ తగిలించాలి. ఇరవై నిమిషాల పని గంట అవుతుంది. నా ప్రోగ్రాముకు ఈ షరతు రాసేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది.

తగిలించడం ఎలా ఉంటుందో ఒక రాత్రి దగ్గరుండి చూశాను. డ్రైవరు ముందు పప్‌ను ఇంజనుకు ఎక్కించుకుని, వెనక పప్ ముందు డాలీని వరసలో నిలబెట్టాడు. ముందు పప్‌ను అంగుళం అంగుళం వెనక్కి తెచ్చి డాలీ దూలం చివరి కన్నాన్ని కొక్కేనికి తగిలించి, కొక్కెం నోరు మూసి తాళం వేశాడు. తర్వాత మొత్తాన్ని వెనక్కి నెట్టి డాలీ పళ్ళేన్ని వెనక పప్ ముక్కు కిందకు దూర్చాడు. టక్కున శబ్దం. ఆ శబ్దాన్ని నమ్మకుండా దిగి, టార్చి వేసుకుని కిందకు వంగి, దవడ కింగ్‌పిన్‌ను పట్టిందా, పళ్ళేనికీ ట్రైలరుకీ మధ్య సందు ఉందా అని చూశాడు. గొలుసులు, గాలి గొట్టాలు, కరెంటు తీగ. ఆ తర్వాత నేను ఊహించని పని ఒకటి చేశాడు. ముందు పప్ వెనకున్న గాలి వాల్వులు తెరిచి, వెనక పప్ తోక దగ్గరివి మూశాడు. ముందుది తెరవడం మరిస్తే వెనక పప్‌కు బ్రేకు గాలి అందదు, తోకది మూయడం మరిస్తే గాలంతా బయటికి పోతుంది. చివరికి తోక దగ్గరికి నడిచి వాల్వు ఒక్క క్షణం తెరిచాడు. బుస్సుమని గాలి వచ్చాకే లోపలికెక్కాడు. డబుల్స్ నడపాలంటే లైసెన్సు మీద 'టీ' అనే అదనపు ముద్ర ఉండాలి. దానికి రాత పరీక్షే, ఈ చీకటి, ఈ వంగడం ఆ పరీక్షలో రావు.

ఇంకో సంగతి: ఈ జంటను వెనక్కి నడపడం కుదరదు. నాలుగడుగులు తిన్నగా నెట్టొచ్చు, అంతే. రెండు కీళ్ళు రెండు వైపులా మడుచుకుపోతాయి. డ్రైవరు దారి తప్పి ముందు రోడ్డు మూసేసిన చోట ఇరుక్కుంటే, దిగి జంటను విప్పుకోవడమే దిక్కు. పొడుగు ట్రైలరు డ్రైవరు ఎంత ఇరుకు డాకుకైనా వెనక్కి తీసి ఆనిస్తాడు. డాకు దాకా ఒకే బండి పోవాల్సిన చోట ఈ ఒక్క కారణం చాలు జంటను కొట్టేయడానికి.

కెనడాలో ఈ కీలు సమస్యకు ఇంకో మందు ఎక్కువ వాడతారు. ముందు ట్రైలరు వెనక భాగానే పళ్ళెం ఉంటుంది, డాలీ ఉండదు. ఒక కీలు తగ్గితే ఊపూ తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో 'బి-డబుల్' పేరుతో తిరిగేవీ ఈ జాతివే, తొమ్మిది ఇరుసులతో 62.5 టన్నుల దాకా. గట్టిదనంలో ఇవే మేలు. కానీ ముందు ట్రైలరు వెనక ఆ పళ్ళెం పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా డాకుకు ఆనించలేరు, పప్‌ల లాగా ఏది ముందో ఏది వెనకో మార్చుకోలేరు. రోజూ జతలు మార్చుకునే ఎల్‌టీఎల్ వాళ్ళకు అది పనికిరాదు. గనులకు, ధాన్యానికి, ఇంధనానికి బాగుంటుంది.

అమెరికాలో ఈ మధ్య నడిచిన పెద్ద తగాదా 33 అడుగుల మీద. బరువు హద్దు ముట్టుకోకుండా పప్ పొడవు ఒక్కటీ 28 నుంచి 33కి పెంచమని 2015లో పెద్ద పార్సిల్, ఎల్‌టీఎల్ కంపెనీలు కాంగ్రెస్‌ను అడిగాయి. జంటకు పది అడుగులు కలిసొస్తాయి. ఆన్‌లైన్ సరుకు తేలిక, చోటు తినేది, కాబట్టి ఆ లెక్క వాళ్ళకు సరిపోయింది. ఫుల్ లోడ్ కంపెనీల్లో చాలా మంది, రైలు కంపెనీలు, రోడ్డు భద్రత సంఘాలు ఎదురు తిరిగాయి. ఫుల్ లోడ్ వాళ్ళ భయం నాకు న్యాయంగానే తోస్తుంది. వాళ్ళ పెట్టుబడంతా 53 అడుగుల పెట్టెల్లో ఉంది. పక్కవాడికి 66 అడుగులు దొరికితే ఖాతాదారులు తమనూ అదే అడుగుతారు, కానీ వాళ్ళ పనికి విడిపోయే పెట్టెలు అక్కర్లేదు. ఆ ఏడాది చివర బడ్జెట్ బిల్లులో ఆ మాట చేరలేదు. రవాణా శాఖ తన అధ్యయనంలో ఇప్పుడున్న హద్దులు మార్చేందుకు సరిపడా సమాచారం లేదని తేల్చింది. మూడు పప్‌లు కట్టే 'ట్రిపుల్స్' ఉటా, ఐడహో, నెవాడా, ఓరెగాన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ తిరుగుతాయి. కానీ 1991లో కాంగ్రెస్ అలాంటి పెద్ద కలయికలను అప్పటికి ఉన్నచోటే ఆపేసింది. కొత్త రాష్ట్రాలు చేర్చుకునే వీలు లేదు.

మన దేశంలోకీ ఈ ప్రశ్న మెల్లగా వస్తోంది. 2020 జూన్‌లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి రోడ్ ట్రైన్‌లకు 25.25 మీటర్ల పొడవు ఒప్పుకున్నారు, అదీ ఎంపిక చేసిన మార్గాల మీద. ఈ 25.25 అన్న అంకె యూరప్ నుంచి వచ్చింది. 2025లో నాగపూర్‌లో వోల్వో అలాంటి బండిని చూపించింది, నాగపూర్-భివండి మధ్య సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద తిప్పేందుకు. ప్రవేశాలు అదుపులో ఉన్న అలాంటి రోడ్డు మీద దాన్ని తిప్పడంలో నాకు అభ్యంతరం కనబడదు. హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు హైవే మీద మాత్రం వద్దంటాను. ఊరూరికీ డివైడరులో సందు, ఎదురుగా వచ్చే బైకు, టీ కొట్టు ముందు ఆగిన ట్రాక్టరు ఉన్నచోట డ్రైవరు ఠక్కున పక్కకు కోయక తప్పదు. వెనక పెట్టెకు సరిగ్గా గిట్టనిది అదే. పైగా మన పార్సిల్ ఆఫీసుల్లో సరుకు దించేది హమాలీలు, వాళ్ళ కూలీ చవక. తాకే ఖర్చు తక్కువైన చోట తాకకుండా ఉండేందుకు పెట్టే ఖర్చు గిట్టదు. మన దగ్గర జంటలు నిజంగా లాభించాలంటే ముందు ఆ కూలీ పెరగాలి, లేదా ఆన్‌లైన్ కంపెనీల వాళ్ళ లాగా సమయానికి ధర కట్టేవాళ్ళు రావాలి. రెండోదే ముందు జరిగేట్టుంది.

ఇక నా ప్రోగ్రాము. దాన్ని తిరగరాశాను. ఇప్పుడది ప్యాలెట్లు లెక్కపెట్టే ముందు ఆ సరుకు ఎన్ని ఊళ్ళకు పోవాలో చూస్తుంది. ఒకే ఊరికి పెట్టె నిండితే 53. రెండు ఊళ్ళకు చెరి సగమైతే జంట, బరువైనది ముందు. దించి ఎక్కించడం ఒక్కసారి తప్పినా దానికో ధర కడుతుంది. డాలీలు ఏ యార్డులో ఎన్ని ఉన్నాయో కూడా చూస్తుంది, అయినా యార్డు వాళ్ళు చెప్పే లెక్కకూ నిజంగా ఉన్న డాలీలకూ ఎప్పుడూ పొంతన ఉండదు. బేసి రాత్రులకు మాత్రం ఇంకా మందు దొరకలేదు. ఏడో పప్ ఒంటరిగా మిగిలినప్పుడు తెర మీద ఎర్ర గీత వస్తుంది. డాక్ పెద్దాయన దాన్ని చూసి, కుర్చీ వెనక్కి వాల్చి, ష్రీవ్‌పోర్ట్ టెర్మినల్‌కు ఫోను చేస్తాడు, వాళ్ళ దగ్గరా ఒకటి మిగిలిందేమోనని.